మూడో ప్లగ్గు లూజైన రోజు

ఏడింటికి బయలుదేరితే పదిన్నరకల్లా సముద్రం. ఆ ఆదివారానికి మొగుడూ పెళ్ళాం వేసుకున్న పథకం మొత్తం అంతే.

టీచరమ్మ పద్దెనిమిదేళ్ళుగా బళ్ళో భూగోళం చెబుతోంది. ఆటుపోట్లు ఎందుకొస్తాయో, కెరటం ఒడ్డు దగ్గరికొచ్చి ఎందుకు విరుగుతుందో నీలం సుద్దతో బోర్డు మీద గీసి మరీ చెప్పేది. గీసిన సముద్రాలు ఎన్నో ఉన్నాయి గాని చూసిన సముద్రం ఒక్కటీ లేదు. పెళ్ళైన కొత్తలో భర్త "వచ్చే నెల వెళదాంలే" అన్నాడు. ఆ నెల రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

భర్త వాచీలు బాగుచేస్తాడు. వీధి మలుపులో ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషి నిలబడాల్సినంత కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని ఒక వాచీ విప్పాడంటే, లోపల బుల్లి చక్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరగడం చూస్తూ లోకం మరిచిపోయేవాడు. ఊరందరి టైమూ సరిచేసే మనిషికి తన టైము ఎటు పోతోందో తెలిసేది కాదు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే "అప్పుడే తెల్లారిందా?" అనేవాడు. అంతా ఆయన్ని వాచీలాయన అనే పిలిచేవాళ్ళు.

ఆ పొద్దున పెరట్లో మంచు ఇంకా విడలేదు. గోడ మీది పిల్లి, తాడు మీది తువ్వాళ్ళు, షెడ్డులో కారు, అన్నీ ఎవరో సగం గీసి వదిలేసిన బొమ్మల్లా ఉన్నాయి. కారు పాతది. పెళ్ళైన ఏడే వాచీలాయన బాబాయి దగ్గర్నుంచి వచ్చింది. ఇంజను కాస్త వేడెక్కనిద్దామని వాచీలాయన తాళం తిప్పాడు. అది దగ్గి, వణికి, మొత్తానికి లేచింది. కానీ లేచిన దగ్గర్నుంచీ మధ్యమధ్య 'చుఫ్... చుఫ్...' అని ఊపిరి వదులుతోంది, వేడి టీ మీద ఎవరో ఊదుతున్నట్టు.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. చెవితో పట్టుకోలేని రోగం గడియారానికి ఉండదని ఆయన నమ్మకం. ఇంజనంటే మాత్రం ఏముంది, కొంచెం ఎదిగిన గడియారం! ఆపి, బోనెట్టు ఎత్తి చూస్తే నాలుగు స్పార్కు ప్లగ్గులు వరసగా కూర్చుని ఉన్నాయి. మూడోదాని వైరు తీసి వేలితో ముట్టుకున్నాడు. అది తిరిగింది. వేలికే తిరిగిందంటే లూజు. అక్కడ సందులోంచే గాలి పోతోంది.

లూజైతే బిగిస్తే సరి. ప్లగ్గు పానా తగిలించి తిప్పాడు. మొదట సులువుగా వెళ్ళింది, తరవాత గట్టిపడింది. అక్కడ ఆపి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ పాతికేళ్ళుగా ఆవగింజలో సగం ఉండే మరలను వేలి కొసలతో తిప్పుతున్న చెయ్యి అది. మొదటిసారి అరచెయ్యంతా పెట్టి తిప్పదగిన వస్తువు దొరికేసరికి దానికి ఒక రకమైన మత్తు ఎక్కింది. ఇంకో అర చుట్టు అనుకుంది. తిప్పింది. గట్టిదనం ఒక్కసారిగా మాయమై, పానా గంజిలో గరిటెలా గిరగిర తిరిగింది.

ప్లగ్గు బయటికి తీస్తే దాని మర నిండా వెండి వెంట్రుకల్లాంటి పోగులు చుట్టుకుని వచ్చాయి. అవి ప్లగ్గువి కావు. ప్లగ్గు కూర్చునే కన్నంలో ఉండాల్సిన మర తాలూకు పోగులు. ప్లగ్గు ఉక్కు, ఆ కన్నం ఉన్న ఇంజను హెడ్డు అల్యూమినియం. రెండూ పెనుగులాడితే ఏది ఓడిపోతుందో వాచీలాయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

"అయిందా అండీ?" అని టీచరమ్మ వంటింటి కిటికీలోంచి అడిగింది.

"పది నిమిషాలు," అన్నాడాయన. మొహం మాత్రం అటు తిప్పలేదు.

ఉన్నమాట చెప్పేస్తే పోయేది. కానీ ఇరవై ఏళ్ళకొక పొద్దున వస్తే దాన్ని కూడా తన చేత్తోనే పాడుచేశానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. కొట్టు సంచిలోంచి పల్చటి ఇత్తడి రేకు తీసి, ప్లగ్గుకి ఒక చుట్టు చుట్టి, కన్నంలోకి నొక్కి, వైరు తగిలించి ఇంజను లేపాడు. అది నాలుగు సార్లు చక్కగా ఊపిరి తీసింది. ఐదోసారి 'ఢాం' అంది. ప్లగ్గు వైరును విదిలించుకుని లేచి, షెడ్డు రేకుకి తగిలి, మంచులో ఎక్కడో మెత్తగా పడింది. పిల్లి గోడ దిగి వెళ్ళిపోయింది.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"ఏం లేదు, తలుపు!"

షెడ్డుకి తలుపు లేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు. టీచరమ్మ కిటికీలోంచి చూసింది. భర్త పాలిపోయిన మొహంతో గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఏదో దాస్తున్నాడని ఆవిడకు అప్పుడే అనిపించింది.

వాచీలాయన ఫోను తీసుకుని పెరటి మూలకు నడిచాడు. చేసింది కారు మెకానిక్కుకి. ఆ మెకానిక్కు ఎప్పుడో ఒక స్టెతస్కోపు సంపాదించి దాని కొసకి ఇనప చువ్వ తగిలించుకున్నాడు. ఏ కారునైనా దాంతో విన్నాకే చెయ్యి వేసేవాడు. అందుకని గ్యారేజీకి వచ్చేవాళ్ళంతా అతన్ని డాక్టరుగారనే అనేవాళ్ళు. వాచీలాయన ఇంటికి మాత్రం అతను ఎప్పుడూ రాలేదు. పెరటి మూలన ఉన్న కిటికీ అత్తగారి గదిది. ఆవిడ కూతురింట్లో నాలుగు రోజులుండడానికి వచ్చి, అప్పుడే లేచి జడ వేసుకుంటోంది.

"డాక్టరుగారూ, దాని హెడ్డు పోయిందండీ," అన్న మాట లోపలికొచ్చింది. జడ సగంలో ఆగింది.

"అవునండీ, లూజే. ఎప్పట్నించో ఉన్నట్టుంది, నేనే కనిపెట్టలేదు. పొద్దున్నే లేవగానే వణుకు. ఉండుండి నిట్టూర్పులు... లేదండీ, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమైపోతారో! తప్పు నాదే. కొంచెం గట్టిగా బిగించాను, అంతే, ఢాం అని లేచింది... మార్చెయ్యడమా? అబ్బే, మనసెలా ఒప్పుతుంది? ఇరవై ఏళ్ళైంది దాన్ని తెచ్చుకుని. ఎలాగోలా దాన్నే బాగుచేసుకుందాం... హెడ్డు విప్పకుండా కన్నంలోంచే చేసేస్తారా? అయితే వెంటనే రండి. పదింటికల్లా కుదుటపడితే చాలు."

అత్తగారి చేతిలో దువ్వెన జారిపోయింది. భార్యను 'అది' అనే మగవాడు ఆవిడకు వింత కాదు. ఆవిడ భర్త బతికినన్నాళ్ళూ అలాగే అన్నాడు. కాబట్టి అనుమానపడడానికి ఏమీ మిగల్లేదు. తన కూతురికి మతి చెడింది. అల్లుడు బంగారం లాంటి మనిషి కాబట్టి ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకున్నాడు.

గబగబా ముందు గదిలోకి వెళ్ళి చూసింది. కూతురు కళ్ళు అరమోడ్చి, పెదాల మీద నవ్వుతో, కుడిచెయ్యి గాలిలో పైకీ కిందకీ మెల్లగా ఊపుతోంది. ముందున్న సంచిలో రెండు ఖాళీ సీసాలు, ఒక స్కేలు, ఒక థర్మామీటరు ఉన్నాయి.

"ఇవన్నీ ఎందుకే?" అంది అత్తగారు.

"ఒక సీసాలో సముద్రం, ఒకదాంట్లో ఇసుక. స్కేలుతో కెరటాలు కొలుస్తానమ్మా. పిల్లలకి ఇన్నాళ్ళూ చెప్పింది నిజమో కాదో తేల్చుకోవాలిగా!"

అత్తగారు వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి కొడుకుకి ఫోను చేసింది.

ఆవిడ కొడుకు రైల్వే స్టేషనులో విచారణ కౌంటరులో కూర్చుంటాడు. అవతలివాళ్ళ ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పడం ఉద్యోగంతో వచ్చిన అలవాటు. "ఒరేయ్, చెల్లాయికి తల..." అనేసరికే "వస్తున్నాం" అని పెట్టేశాడు. అరగంటలో కొత్త కారులో భార్యను వెంటబెట్టుకుని దిగాడు. ఆవిడ పిల్లల వార్డులో నర్సు. ఎంత పెద్దవాళ్ళతోనైనా నాలుగేళ్ళ పిల్లలతో మాట్లాడినట్టే మాట్లాడేది.

"ఏదీ, ఒక్కసారి నాలిక చూపించమ్మా! ఆఁ... ఎంత బుద్ధిమంతురాలో!" అని వదినగారు టీచరమ్మ బుగ్గ పుణికింది.

"ఏంటి వదినా పొద్దున్నే? అన్నయ్యా, చెప్పకుండా ఊడిపడ్డారేంటి?"

అన్నగారు ముందుకొచ్చాడు. "చెల్లాయ్, అంతా తెలిసిందమ్మా. బావగారు డాక్టరుతో మాట్లాడడం అమ్మ విన్నది. నువ్వు ధైర్యంగా ఉండాలి. ఇప్పుడు అన్నిటికీ మంచి మందులున్నాయి."

టీచరమ్మ సంచి చేతిలోంచి కింద పెట్టేసింది. పాలిపోయిన ఆ మొహం, గుండె మీద చెయ్యి, లేని తలుపు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలిచాయి. "ఎప్పట్నించి?" అంది నెమ్మదిగా.

"చాలా రోజులుగానేనట. నువ్వు బాధపడతావని ఆయనే చెప్పలేదు," అంది అత్తగారు, కళ్ళొత్తుకుంటూ.

ఆ మాటలో ఒక్కటీ అబద్ధం లేదు. ఒక్కటీ నిజమూ కాదు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. అత్తగారు తీసింది. మెళ్ళో స్టెతస్కోపుతో, భుజానికి బరువైన సంచీతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. సంచిలోంచి డ్రిల్లు మిషను మూతి బయటికి వచ్చి ఉంది.

"డాక్టరునండీ. హెడ్డు పోయిందట, ఎక్కడుంది?"

అత్తగారు వేలితో పెరటి వైపు చూపించింది, కూతుర్నుంచి వీలైనంత దూరంగా.

"అటే వెళ్తా. కరెంటు పెట్టాల్సి వస్తుందేమో, పాయింటు ఎక్కడుందో చెప్పండి. కంగారేం లేదు, ముందు చేత్తోనే తిప్పి చూస్తాను. వినకపోతేనే డ్రిల్లు."

అతను పెరట్లోకి వెళ్ళగానే అత్తగారు కొడుకు చొక్కా పట్టుకుంది. "ఒరేయ్, డ్రిల్లు తెచ్చాడ్రా! చేత్తో తిప్పుతాడట, కరెంటు పెడతాడట! ముందు దాన్ని ఇక్కణ్ణించి తీసుకుపో!"

"ఏం కావాలన్నా కాదనకండి," అని వదినగారు గుసగుసగా చెప్పింది. తరవాత గట్టిగా, "ఏమ్మా, మనందరం కారులో షికారుకెళ్దామా? ఎక్కడికెళ్దాం చెప్పు!" అంది.

"ఇవాళ సముద్రానికి..." అంది టీచరమ్మ అలవాటుగా. అని, "ఆయన?" అంది.

"ఆయనే నిన్ను తీసుకెళ్ళమన్నారు," అన్నాడు అన్నగారు, ప్రశ్న వినకముందే జవాబు చెప్పే నేర్పుతో.

టీచరమ్మ వెనక కిటికీ దగ్గరికి వెళ్ళింది. మంచు పల్చబడి షెడ్డులో లేత ఎండ పడుతోంది. భర్త కారు మీదకు వాలి కళ్ళు మూసుకుని ఉన్నాడు. డాక్టరు పక్కన నిలబడి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతున్నాడు. అంటే వైద్యం జరిగేటప్పుడు తను చూడకూడదని భర్త పంపించేస్తున్నాడన్నమాట. చివరికి ఇచ్చిన మాట మాత్రం మరవలేదు. ఆవిడ ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, ఫ్లాస్కు కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని కారెక్కింది.

షెడ్డులో ఇద్దరికీ ఇవేమీ తెలియవు. డాక్టరు కొత్త మర కోసే పనిముట్టు గాడుల నిండా గ్రీజు పూశాడు. కోసిన పొట్టు సిలిండరులో పడకుండా గ్రీజుకే అంటుకోవాలని.

"అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. పాపాయిని ఊయల్లో ఊపినట్టు. తొందరపడ్డామో, మరను తినేస్తుంది," అన్నాడు.

"మీరు తిప్పండి, నేను వింటాను," అన్నాడు వాచీలాయన.

అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. తీసి తుడవడం, మళ్ళీ గ్రీజు పూయడం. చప్పుడు ఎక్కడో దూరంగా ఎవరో గోధుమలు విసురుతున్నట్టుంది. ఎండ రేకు చూరులోంచి ఒక చారలా దిగి, ఇంజను మీద నుంచి నేల మీదికి, నేల మీద నుంచి గోడ మీదికి మెల్లగా పాకింది. ముంగిట్లో ఒక కారు స్టార్టయి వెళ్ళిపోయిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. "కొత్త ఇంజను, నాలుగు సిలిండర్లూ బాగా కాలుతున్నాయి," అన్నాడు డాక్టరు. వాచీలాయన తలూపాడు. కాలి పంపుతో గాలి కొట్టి పొట్టంతా ఊదేశారు. తరవాత సన్నటి స్ప్రింగులాంటి ఉక్కు చుట్టను కొత్త మరలోకి ఎక్కించారు. వాచీలో వెంట్రుకంత సన్నగా ఉండే జుట్టు స్ప్రింగుకి అన్నలా ఉన్న ఆ చుట్టను చూసి వాచీలాయన మురిసిపోయాడు. కొత్త ప్లగ్గును వేళ్ళతోనే ఆఖరిదాకా తిప్పి, పానాతో ఒక్క పావు చుట్టు బిగించాడు. అక్కడ ఆపి పానా కింద పెట్టేశాడు.

తాళం తిప్పితే ఇంజను నిద్రలో నవ్విన పసిపిల్లలా లేచింది.

"ఏమోయ్, పద! పదికి పది నిమిషాలుందేమో!" అని కేకేస్తూ ఆయన ఇంట్లోకి పరిగెత్తాడు. గోడ గడియారం ఒంటిగంట చూపిస్తోంది. అన్ని గదులూ ఖాళీ. ఫ్లాస్కు కింద కాగితం ఉంది. 'సముద్రానికి వెళ్తున్నాను. మీరు పంపించారని అన్నయ్య చెప్పాడు. నా గురించి బెంగ పెట్టుకోకండి. ధైర్యంగా ఉండండి.'

ఆయన రెండుసార్లు చదివి, మంచం మీద కూలబడ్డాడు. "వెళ్ళిపోయిందండీ," అన్నాడు. "పుట్టింటివాళ్ళని పిలిపించుకుని మరీ వెళ్ళిపోయింది. పది నిమిషాలని చెప్పి ఆరు గంటలు చేస్తే ఎవరు మాత్రం ఉంటారు?"

డాక్టరు కాగితం తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. "కొత్త మర వేశాక కొంత దూరం నడిపి, మళ్ళీ ఒకసారి బిగువు చూడాలి," అన్నాడు. "ఆ దూరం సముద్రం దాకా అయితే మాత్రం నాకేం? పదండి."

దారి పొడుగునా ఇంజను ఒక్క మాటు కూడా నిట్టూర్చలేదు. పొలాలు, వంతెనలు, గాలిమరలు వెనక్కి జారిపోతున్నాయి. వాచీలాయన మాత్రం మొదటిసారి ఇంజను చప్పుడు వినకుండా బండి నడిపాడు. చెప్పాల్సిన క్షమాపణ మాటలు లోపల అమర్చుకుంటున్నాడు. ఏది ముందు ఏది వెనక పెట్టినా కుదరలేదు.

వాళ్ళు చేరేసరికి సాయంత్రపు ఎండ నీళ్ళ మీద పడి సముద్రమంతా బంగారు పొట్టు రాలినట్టుంది. టీచరమ్మ మోకాటి లోతులో నిలబడి ఉంది. అటు అన్నగారు, ఇటు అత్తగారు చెరో చెయ్యీ గట్టిగా పట్టుకున్నారు. వదినగారు పక్కన నిలబడి, "ఇంకో అల వస్తోంది చూడు! అదిగో, వచ్చేసింది!" అని చప్పట్లు కొడుతోంది. టీచరమ్మ అవేమీ వినడం లేదు. ఏ బోర్డులోనూ పట్టనంత నీలం ఎదురుగా లేస్తోంది, విరుగుతోంది, పాదాల కింది ఇసుకను లాక్కుని వెనక్కి పోతోంది. తను చెప్పిన పాఠమంతా నిజమే. కానీ పాఠంలో ఈ చప్పుడు లేదు. చెంపల మీద ఉప్పు నీళ్ళలో సముద్రానివెన్నో, ఆవిడవెన్నో చెప్పడం కష్టం.

"ఏమోయ్!" అంటూ భర్త గ్రీజు చొక్కాతో నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చాడు.

ఆవిడ ఉలిక్కిపడింది. "మీరా! ఎందుకొచ్చారండీ? మీరు కదలకూడదు! ఇంత దూరం బండి ఎవరు నడిపారు?"

"నేనే. ఏం?"

అన్నగారు మాత్రం వెనకొస్తున్న స్టెతస్కోపుకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. "చూడండి డాక్టరుగారూ, మా పిల్ల తలకి కన్నం పెట్టడానికి మేం ఒప్పుకోం."

"కన్నానికి పొద్దున్నే కొత్త మర కోసేశానండీ. ఉక్కు చుట్ట కూడా దింపేశాను," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు హాయిగా ఉంది. కావాలంటే మీరూ వినండి."

"ఎవరికి దింపారు?" అంది వదినగారు, పసిపిల్లల గొంతు మరిచిపోయి.

"మూడోదానికి."

"మూడోదా!" అని అత్తగారు నీళ్ళలోనే చతికిలబడింది. "అల్లుడుగారూ, ఆ రెండోది ఎవరు?"

ప్లగ్గులు నాలుగని, మూడోది లూజని, హెడ్డంటే కారు హెడ్డని, 'అది' అంటే కారని వాచీలాయన ఒక్కొక్కటే విప్పి చెప్పేసరికి పది అలలు వచ్చి వెళ్ళాయి. అన్నగారు దిక్కులు చూశాడు. వదినగారు అత్తగారిని లేవదీసింది. డాక్టరు మాత్రం, "ఇంజనుకి ఇంతమంది చుట్టాలుండడం నేనెక్కడా చూడలేదు," అని పానా తీసుకుని ప్లగ్గు బిగువు చూడడానికి వెళ్ళిపోయాడు.

టీచరమ్మ ఒక్కతే నవ్వలేదు. "అయితే మీకేం లేదా?" అంది.

"ఏం లేదు."

"గుండె?"

"అది ప్లగ్గు ఎగిరిందని అదిరింది."

ఆవిడ మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. ఆయన పక్కన నిలబడి, ఈ పొద్దున తన చేతులారా చేసిన దాని గురించి మొత్తం చెప్పాడు, రేకు చుట్టడంతో సహా. ఆవిడ విన్నదో లేదో తెలియలేదు. చివరికి చెయ్యి చాపి ఆయన చొక్కా మీది గ్రీజును కొంగుతో తుడిచింది. అది ఇంకా పాకింది.

"దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను," అంది. "మీరింక ఉండరేమోనని, ఈ ఇరవై ఏళ్ళలో మీ మీద పెట్టుకున్న కోపాలన్నీ ఒక్కొక్కటే తీసి క్షమించుకుంటూ వచ్చాను. ఊరు దాటకముందే పెద్దవి అయిపోయాయి. రెండో వంతెన దగ్గరికొచ్చేసరికి చిన్నాచితకా కూడా ఒక్కటి మిగల్లేదు."

వాచీలాయన మొహం విచ్చుకుంది. "పోన్లే, క్షమించినవి క్షమించినట్టేగా?"

"అవి పోయే మనిషికి క్షమించినవండీ. మీరు నిక్షేపంలా ఉన్నారు."

చీకటి పడకముందే అందరూ బయలుదేరారు. డాక్టరు అన్నగారి కొత్త కారులో ఎక్కాడు, దారిలో దాన్ని కూడా ఒకసారి వింటానని. టీచరమ్మ ఇసుక సీసా, నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని భర్త పక్కన కూర్చుంది. బాగుపడ్డ ఇంజను జోలపాటలా మోగుతోంది. సముద్రపు గాలి కిటికీలోంచి వచ్చి ఆవిడ జుట్టును చెదరగొడుతోంది. ఆవిడ కళ్ళు అరమోడ్చి, సీటుకి తల ఆనించి, నిద్రలో పలవరిస్తున్నంత మెత్తగా ఆ పాత కోపాలను ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.

ఇల్లు చేరేసరికి ఆవిడకు అందులో సగం పైగా తిరిగి గుర్తొచ్చాయి.